గంగమ్మ వేషం కట్టినవాడి తల్లి

ముత్యాలప్పను నరికింది మల్బరీ తోటలో, మధ్యాహ్నం పూట. తొంభై రెండో సంవత్సరం, చెనక్కాయ పంట ఇంకా భూమిలోనే ఉంది.

పుంగనూరు నుంచి రామసముద్రం పోయే దారిలో కొండసానిపల్లె అని ఒక ఊరుంది. ఆ ఊళ్ళో ముత్యాలప్ప బోరు కింద కొంచెం మల్బరీ పెట్టుకొని, ఇంట్లో పట్టుపురుగులు సాకేవాడు. నల్లప్పకు గొర్రెలు. ఇద్దరికీ అంతకుముందు పగ లేదు. ఒకరి బీడీ ఒకరు కాల్చుకున్నవాళ్ళే. ఆ రోజు నల్లప్ప గొర్రెలు కంచె సందున దూరి ఒక పక్క ఆకంతా మేసేశాయి. ఇంట్లో పురుగులు గూడు కట్టడానికి ముందు, రేయింబగళ్ళు ఆకు నమిలే దశలో ఉన్నాయి. ఆ పూట ఆకు లేకపోతే పంట మొత్తం పోయినట్టే. ముత్యాలప్ప పార తిరగేసి ఒక గొర్రె నడుం మీద వేశాడు. అది చూలుది. కూలబడి, ముందు కాళ్ళతో నేలను గీరుతూ అరిచింది. ఆ అరుపు విని నల్లప్ప గట్టు మీద నుంచి పరుగెత్తుకొచ్చాడు. చేతిలో కొమ్మలు కోసే దోటికొడవలి ఉంది.

"ఈనేదాన్ని కొడతావా రా?" అన్నాడు. ముత్యాలప్ప జవాబు చెప్పేలోపలే దోటి తిరిగింది. కొడవలి వంపు సరిగ్గా చెవి కింద దిగింది. లాగితే రాలేదు. నల్లప్ప రెండోసారి లాగాడు.

బయ్యమ్మ రెండు సాళ్ళ అవతల గంపలోకి ఆకు కోస్తూ ఉంది. ఎనిమిదేళ్ళ వెంకటరమణ ఆమె కొంగు పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఆమె పరుగెత్తి మొగుడి మెడను రెండు చేతులా ఒత్తి పట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు చిమ్ముతూనే ఉంది. ఆకుల మీద పడి, ఆకుల మీద నుంచి కారి, ఎండిన నేలలోకి ఇంకిపోయింది. ముత్యాలప్ప ఏదో చెప్పబోయాడు. మాట రాలేదు, నురగ వచ్చింది.

పోలీసులు వచ్చారు, శవాన్ని తీసుకుపోయారు. ఆ సాయంకాలం ఒక సంగతి జరిగింది. పక్కింటి రెడ్డెమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు తోటలోకి పోయి, గొర్రెలు వదిలిన ఆకును, నెత్తురు పడని ఆకును ఏరి, కడిగి, ఆరబెట్టి, బయ్యమ్మ ఇంట్లో పురుగులకు వేశారు. ఎవరూ వాళ్ళను అడగలేదు. "నోరులేని జీవాలు, వాటికేం తెలుసు సావు సంగతి" అంది రెడ్డెమ్మ. మనుషుల్లో దేవుడు ఉన్నాడని చెప్పడానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం నాకు తెలీదు.

నల్లప్పకు శిక్ష పడింది. ఊళ్ళో గంగమ్మ జాతర ఆగిపోయింది. ఆ జాతరలో గంగమ్మ వేషం కట్టే హక్కు ముత్యాలప్ప ఇంటివాళ్ళది. అమ్మ చేతిలో చచ్చే పాలెగాడి వేషం నల్లప్ప ఇంటివాళ్ళది. పూర్వం ఆడపిల్లలను చెరబట్టిన ఒక పాలెగాణ్ణి అమ్మ తరిమి తరిమి చంపిందని కథ. తాతల నుంచి ఆ రెండు ఇళ్ళే ఆ వేషాలు కట్టాలి. ఒకడు కాటికి, ఒకడు కటకటాల్లోకి పోయాక ఇంక జాతర ఎవరు చేస్తారు?

బయ్యమ్మ కొడుకును వెంటబెట్టుకొని మదనపల్లె చేరింది. పట్టుగూళ్ళ నుంచి దారం తీసే ఒక కొట్టంలో పనికి కుదిరింది. సలసల మరిగే నీళ్ళ తొట్టిలో గూళ్ళు వేస్తారు. లోపల పురుగు ఉడికి చస్తుంది. గూడు మెత్తబడుతుంది. ఆ వేడినీళ్ళలో వేళ్ళు పెట్టి, దారం కొస వెతికి పట్టుకొని, తిరిగే చరకాకు అందించాలి. మొదటి వారంలోనే వేళ్ళ చివర చర్మం ఊడింది. పక్క తొట్టి ఆమె తన టిఫిన్ డబ్బాలో పెరుగు మిగిల్చి, పని అయ్యాక బయ్యమ్మ వేళ్ళకు పూసేది. "నాకూ ఇట్లే పూసినారమ్మా ఒకరు. నువ్వు ఇంగొకరికి పూస్తువు" అనేది.

వేళ్ళ నొప్పి కొన్నాళ్ళకు పోయింది. ఇంకో బాధ మాత్రం పోలేదు. దారం అయిపోయాక తొట్టిలో తేలే నల్లటి పురుగులను జల్లెడతో తోడి పారబోసేటప్పుడు ఆమె ముఖం పక్కకు తిప్పుకునేది. ఒకప్పుడు వీటికే ఆకు వేసి బిడ్డల్లా సాకింది. ఇప్పుడు ఉడకబెడుతూ ఉంది. ఈ పాపం ఎవరిది?

ఆ వీధి చివర ఒక బట్టల దుకాణం సేటు ఇల్లు ఉండేది. వాళ్ళు జైనులు. ఇంటి పెద్దామె పట్టుచీర కట్టదు, కొళాయికి గుడ్డ కట్టి నీళ్ళు వడగట్టుకుంటుంది, పొద్దుగూకితే మెతుకు ముట్టదు. కొట్టం దిక్కు తల తిప్పదు గానీ, ఎండాకాలం కొట్టం ఆడవాళ్ళకు మజ్జిగ పంపేది. ఏడాదికొకసారి, వాళ్ళ పండగ నాడు, ఇంటింటికీ వచ్చి చేతులు జోడించేది. "తెలిసో తెలియకో నీ మనసు నొప్పించి ఉంటే మన్నించు" అని బయ్యమ్మను కూడా అడిగింది.

"నువ్వు నాకేం చేసినావు తల్లీ, మజ్జిగ ఇచ్చినావు" అంది బయ్యమ్మ సిగ్గుపడి. తర్వాత ధైర్యం చేసి అడిగింది. "ఈ పురుగుల పాపం నాకు అంటుతాదా?"

పెద్దామె జోడించిన చేతులు దించింది. "అంటుతుంది" అంది. "నిప్పును తెలిసి ముట్టుకున్నా కాలుతుంది, తెలియక ముట్టుకున్నా కాలుతుంది. పట్టు కట్టేవాళ్ళకు కూడా అంటుతుంది. నీ ఒక్కదానికే కాదు." కఠినమైన మాటే. అయినా ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి, అందుకని బయ్యమ్మకు కోపం రాలేదు.

చలికాలంలో స్వెట్టర్లు అమ్మే టిబెట్ ఆమె ఒకతి బస్టాండు దగ్గర కూచునేది. ఒకనాడు కొట్టం గుమ్మంలోకి తొంగిచూసి, తొట్టిలో తేలేవాటిని చూసి, జపమాల తీసి ఏదో గొణిగింది. ఎవరి కోసం అని సైగ చేసి అడిగితే, ముందు తొట్టిని చూపించింది, తర్వాత బయ్యమ్మను చూపించింది. ఇద్దరికీ కలిపి ఒకటే జపం.

వెంకటరమణ చదువు పదో తరగతితో ఆగింది. కుప్పం దగ్గర రాతి క్వారీలో బయ్యమ్మ తమ్ముడు పనిచేసేవాడు. పిల్లవాడు మామతో పోయి సమ్మెట పట్టాడు. రెండేళ్ళలో భుజాలు వెడల్పయ్యాయి, మాట తగ్గింది. ఈలోగా నల్లప్ప శిక్ష ముగించుకొని ఊరికి వచ్చాడని కబురు క్వారీ దాకా పాకింది. సంగటి ముద్దలు తినేటప్పుడు ఒకడు నవ్వుతూ అన్నాడట: "మీ నాయన్ను కోసినోడు ఊర్లో గొర్రెలు మేపుకుంటాండాడంటనే. నువ్వు ఈడ రాళ్ళ మీద సూపిస్తాండావా రా నీ పౌరుషం?" వెంకటరమణ చెయ్యి కడుక్కొని లేచి, సమ్మెట పిడితో వాడి దవడ మీద కొట్టాడు. పళ్ళు ముద్దలో పడ్డాయి. వాడు పడిపోయాక కూడా ముఖం మీద కాలు పెట్టి తొక్కుతూ ఉంటే నలుగురు పట్టుకుంటే గానీ ఆగలేదు.

బయ్యమ్మ కుప్పం బస్సెక్కింది. కేసు పెట్టొద్దని దెబ్బ తిన్నవాడి తల్లి కాళ్ళు పట్టుకుంది. ఆమె బయ్యమ్మను లేపి, పీట వేసి, అన్నం పెట్టింది. "ముందు తినమ్మా, ఎప్పుడు తిన్నావో ఏమో. తర్వాత ఏడుద్దువు." లోపల మంచం మీద దవడకు గుడ్డ కట్టుకొని ఆమె కొడుకు మూలుగుతూ ఉన్నాడు. ఆ అన్నం బయ్యమ్మ గొంతు దిగలేదు. ఆ రోజే ఆమెకు అర్థమైంది: మొగుడు పోయాడు, సరే. ఇప్పుడు పోబోయేది కొడుకు. చచ్చి కాదు, చంపి.

రెండువేల మూడులో చెరువుల్లో పగుళ్ళు తప్ప ఏమీ లేవు. బోర్లు ఎండిపోయాయి. ఊరి పెద్ద మునెప్ప అందరినీ పిలిచి, పదకొండేళ్ళుగా జాతర మానినందుకే అమ్మకు కోపం వచ్చిందన్నాడు. జాతర చేయాలి. చేస్తే హక్కు ప్రకారం చేయాలి. గంగమ్మ వేషం వెంకటరమణ కట్టాలి, పాలెగాడి వేషం నల్లప్ప కట్టాలి.

"వాళ్ళ నడమ నెత్తురుండాది గదప్పా" అన్నారు ఎవరో.

"కంకణం కట్టినాక పగ ఉండగూడదు. అది అమ్మ ఆన" అన్నాడు మునెప్ప. "ఎవురన్నా మారిస్తే వాన రాదు, నన్ను అడగొద్దు." చదువుకున్నవాళ్ళు కూడా తల ఊపారు. పగ ఉన్న ఇద్దరి చేతికి కత్తీ మెడా ఇచ్చి, దారప్పోగు కట్టి, ఇంక ఏమీ కాదని నమ్మగలిగింది మా దిక్కు పల్లెలే.

బయ్యమ్మ ఊరికి వచ్చింది. వెంకటరమణ కుప్పం నుంచి వచ్చాడు. ఏమీ అడక్కుండానే ఒప్పుకున్నాడు. అందుకే ఆమెకు భయం వేసింది.

జాతర ముందు రోజుల్లో మధ్యాహ్నాలు గుడి ముందు చలువ పందిట్లో హరికథ. చెప్పే అయ్యోరు కుప్పం దిక్కువాడు. మెత్తని మనిషి. కథ ఆపి, ఎవరికేం సందేహం ఉన్నా అడగమనేవాడు. ఒకనాడు బయ్యమ్మ లేచి, ఇన్నేళ్ళు మోసిన ప్రశ్న అడిగింది.

"అయ్యోరా, నేను పట్టుపురుగుల్ని ఉడకబెట్టి బతుకుతాండాను. ఆ పాపం నాకుండాదా, లేదా?"

అయ్యోరు చిడతలు కింద పెట్టాడు. "ఇది మన దేశం ఎన్నో వేల ఏండ్లుగా అడుగుతూ ఉండే ప్రశ్న తల్లీ. జైనులు, ఎట్ల చేసినా అంటుతుందంటారు. నీ కాలి కింద చీమ కూడా నీ బాధ్యతే అంటారు. బుద్ధ భగవానుడు మనసును చూడమన్నాడు. చంపాలనే కోరికతో చేసినావా, గతిలేక చేసినావా? పగ పగతో చల్లారదన్నాడు. మన ఊళ్ళల్లో అచలం చెప్పే గురువులుండారే, వాళ్ళు ఇంగా దూరం పోతారు. పుట్టిందే లేదు, సచ్చేది యాడుంది అంటారు."

జాతర ముగిసేదాకా నీచు ముట్టనని కంకణం కట్టుకొని మునెప్ప పక్కన కూచున్న ఒక ముసలాయన అందుకున్నాడు. "అట్లయితే అయ్యోరా, కోడి గూడా సావదు గదా. రేపు మా ఇంట్లో కూర వండిస్తా."

"కోడి చావదప్పా. నీ కంకణం చస్తుంది" అన్నాడు అయ్యోరు. పందిరంతా నవ్వింది. నవ్వు ఆగాక ఆయన మళ్ళీ బయ్యమ్మ వైపు తిరిగాడు. "శ్రీకృష్ణ పరమాత్మ ఏమన్నాడంటే, ఆత్మకు చావు లేదు. పాత గుడ్డ విడిచి కొత్త గుడ్డ కట్టుకున్నట్టు దేహం మారుతుంది, అంతే. చేసేది నేను అనుకోకుండా, ఫలం కోరకుండా నీ పని నువ్వు చేస్తే, ఆ పని నీకు అంటదు. నీ బిడ్డ కోసం నువ్వు చేసిన పని. నువ్వు దిగులుపడొద్దు."

బయ్యమ్మ గుండె మీద నుంచి ఒక బండ దిగినట్టయింది. చేతులెత్తి దండం పెట్టింది. స్తంభానికి ఆనుకొని నిలబడిన వెంకటరమణ ఆ మాటలు వింటూ ఉండడం ఆమె చూసింది. కొడుకుకు దేవుడి మాట మీద శ్రద్ధ కలిగిందని సంతోషించింది కూడా.

మరునాడు పొద్దున ఇల్లు ఊడుస్తూ మంచం కింద ఉన్న గంగమ్మ కత్తిని పక్కకు జరపబోయింది. ఆ కత్తి కొయ్యది. వెండికాగితం అంటించి ఉంటుంది. ముత్యాలప్ప కాలంలో ఆమే కాగితం అంటించేది, ఒంటి చేత్తో తిప్పేది. ఇప్పుడు జరపబోతే బరువుగా ఉంది. కాగితం అంచు గోటితో గీరి చూసింది. వేలు తెగింది. లోపల ఇనుము, క్వారీలో సానబట్టిన ఇనుము.

వెంకటరమణ పెరట్లో స్నానం చేసి వస్తూ ఉన్నాడు. ఆమె వేలు నోట్లో పెట్టుకొని గుమ్మంలో నిలబడింది.

"ఏమి రా ఇది?"

"కత్తి."

"ఎవురికి రా?"

"పాలెగాడికి. ఇంగెవురికి?" తువ్వాలుతో తల తుడుచుకున్నాడు. గొంతులో కోపం లేదు. "యాలమ్మా అట్ల సూస్తావు? వేషం కట్టినాక నేనుండను. అమ్మ ఉంటాది. చేసేది నేను గాదు. నువ్వే గదా నిన్న అడిగింది. అయ్యోరు ఏం సెప్పినాడు? నాది అనుకోకుంటే అంటదన్న్యాడా, లేదా?"

"అది పురుగుల సంగతి రా నాయనా."

"పురుగైతే ఏమి, నల్లప్ప అయితే ఏమి? ఆత్మకు సావు లేదంట గదా. పాత గుడ్డ తీసి పారేస్తా, అంతే. మా నాయన గుడ్డను వాడు తీసి పారెయ్యలేదా?"

తన నోటితో అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబును కొడుకు సానబట్టి మంచం కింద పెట్టుకున్నాడు.

ఆమె నేరుగా అయ్యోరు విడిదికి పోయింది. ఆయన ఉప్మా తింటూ ఉన్నాడు. సంగతి విని ప్లేటు కింద పెట్టేశాడు.

"తప్పు మాట చెప్పలేదు తల్లీ, తప్పు మనిషి విన్నాడు" అన్నాడు. "ఆ మాట స్వామి ఎవరికి చెప్పినాడు? కత్తి ఎత్తినవాడికి కాదు. విల్లు కింద పడేసి, నా వాళ్ళను నేను చంపలేను అని ఏడ్చినవాడికి చెప్పినాడు. ఏడ్చేవాడికి చెప్పిన మాట అది. పళ్ళు నూరేవాడికి కాదు. ఆ సంగతి నిన్ననే చెప్పి ఉండాల్సింది. నేను మాట్లాడతా ఉండు."

మాట్లాడాడు కూడా. వెంకటరమణ ఆయన కాళ్ళకు మొక్కి, "సరే అయ్యోరా" అని, క్షవరం చేయించుకోవడానికి పోయాడు.

మునెప్ప నమ్మలేదు. "కంకణం కట్టినోడు అట్ల చెయ్యడమ్మా. నీకు భయం, అంతే" అన్నాడు. ఇంటికి వచ్చి చూస్తే మంచం కింద కత్తి లేదు. ఎక్కడ దాచాడో తెలీలేదు.

చివరకు బయ్యమ్మ పదకొండేళ్ళుగా చూడని వాకిలి దగ్గరికి పోయింది. నల్లప్ప పెళ్ళాం ఈశ్వరమ్మ రాగులు చెరుగుతూ ఉండి, ఆమెను చూసి చేట కింద పెట్టేసింది. కూచోమని అనే ధైర్యం లేదు. లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చి గుమ్మం మీద పెట్టి, వెనక్కి జరిగింది. నల్లప్ప గొర్రెల దొడ్డిలో ఉన్నాడు. జుట్టు తెల్లబడింది, నడుం వంగింది.

"వాడు నిజం కత్తి చేసినాడు" అంది బయ్యమ్మ. "వేషం కట్టొద్దు నువ్వు. ఎటన్నా పో."

నల్లప్ప గొర్రె వీపు నిమిరాడు. "తెలుసును. వాడు నన్ను సూసే సూపులోనే తెలిసింది. జైల్లో ఒక సాధువుండె. చేసింది అనుభవించక తీరదు, ఈ జన్మలోనే తీరితే మంచిది అని సెప్పేవాడు. తీరనీలే వదినా. వాడి సేత్తో పోతే నాకూ పుణ్యమే."

అప్పుడు వచ్చింది బయ్యమ్మకు కోపం. ఇన్నేళ్ళలో ఎన్నడూ రానంత కోపం.

"నీకు పుణ్యం. నా కొడుక్కి జైలు. బాగుండాది నీ బేరం" అంది. "మొగుణ్ణి తింటివి. ఇప్పుడు సావు పేరు సెప్పి కొడుకును గూడా తింటావా? నీ పుణ్యం మంట్లో కలవ. నువ్వు సస్తే నాకేమి, బతికితే నాకేమి? నా బిడ్డ సేతికి నెత్తురంటగూడదు, అంతే నాకు."

నల్లప్ప తల దించుకున్నాడు. "నేను పోతే జాతర నిలిచిపోతాది. అప్పుడు ఊరు నీ కొడుకునే అంటాది" అన్నాడు నెమ్మదిగా. అదీ నిజమే. నీళ్ళ చెంబు ముట్టకుండా ఆమె వచ్చేసింది. కొంచెం దూరం పోయాక ఈశ్వరమ్మ వెనకనే పరుగెత్తుకొచ్చి, కాళ్ళకు అడ్డం పడింది. పాదాలను కళ్ళకు అద్దుకొని, లేచి వెళ్ళిపోయింది.

జాతర నాటి పొద్దున గుడి ముందు మట్టితో పాలెగాడి బొమ్మ చేశారు. మనిషికి మూడింతలు, వెల్లకిలా పడుకోబెట్టి, మెడలో ఎర్రనీళ్ళ కుండ దాచారు. వేషం కట్టినవాడు ఊరంతా పరుగెత్తి, చివరికి వచ్చి ఆ బొమ్మ పక్కన పడుకుంటాడు. అమ్మ బొమ్మ మెడ మీద కొడుతుంది, ఎర్రనీళ్ళు చిమ్ముతాయి. అప్పుడు ఊరి ఆడవాళ్ళు బొమ్మ చుట్టూ కూచొని శోకం పెడతారు. పాలెగాడు దుర్మార్గుడే గానీ, వాణ్ణీ ఒక తల్లి కనింది గదా, ఏడ్చే దిక్కు లేకుండా పోగూడదని ఆ ఆచారం. మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడదే ఆ శోకం ఎత్తుకోవాలి. శోకం చెవిన పడ్డాక అమ్మ ఇంక కత్తి ఎత్తకూడదు. పసుపునీళ్ళ పళ్ళెంలో దాన్ని దించేయాలి.

"ఈసారి నువ్వే ఎత్తుకోవాల బయ్యక్కా" అంది రెడ్డెమ్మ బొమ్మకు మీసాలు దిద్దుతూ.

"నల్లప్ప వేసిన వేషానికి నేను ఏడ్చాల్నా?" అంది బయ్యమ్మ. రెడ్డెమ్మ నాలుక కరుచుకొని మళ్ళీ మీసాల మీదికి వంగింది.

డప్పులు మొదలయ్యాయి. వెంకటరమణ గుడిలోంచి బయటికి వచ్చాడు. ఎర్ర పట్టుచీర, ముఖమంతా పసుపు, రూపాయంత కుంకుమ, విరబోసిన సవరం, నోట్లో నిమ్మకాయ. జనం ఒక్కసారిగా చేతులెత్తారు. బయ్యమ్మ కూడా ఎత్తబోయింది. కొడుకో, అమ్మవారో ఆమెకే తెలీలేదు. చేతిలో వెండికాగితం మెరుస్తూ ఉంది.

కిరీటం, పెద్ద మీసాలు పెట్టుకున్న నల్లప్ప పరుగు మొదలుపెట్టాడు. ముసలి కాళ్ళు. పిల్లలు మట్టి బెడ్డలు విసురుతూ ఉన్నారు, ఆడవాళ్ళు శాపనార్థాలు పెడుతూ నవ్వుతూ ఉన్నారు. మొదటి వీధి మలుపులోనే అమ్మ అందుకుంది. కత్తి లేచింది, దిగింది. నల్లప్ప భుజం మీద చొక్కా విచ్చుకుంది, దాంతోపాటు కండ కూడా. జనం ఎర్రనీళ్ళనుకొని కేరింత కొట్టారు. డప్పులు ఇంకా పెరిగాయి. నల్లప్ప అరవలేదు. నెత్తురు కారుతూ, తూలుతూ, గుడి వైపే పరుగెత్తాడు. వేషం ఎక్కడ చావాలో అక్కడికే పోయాడు. వెనకనుంచి రెండో వేటు పడింది. చెయ్యి అడ్డం పెడితే రెండు వేళ్ళు తెగి దుమ్ములో పడ్డాయి. ఈసారి ముందు వరసలో ఉన్న ఆడది ఒకతి చూసింది. ఆమె కేక డప్పుల్లో కలిసిపోయింది.

నల్లప్ప వచ్చి బొమ్మ పక్కన పడ్డాడు. పడి, మెడ చాపాడు. వెంకటరమణ బొమ్మ వైపు చూడనే లేదు. రెండు చేతులా కత్తి ఎత్తాడు.

బయ్యమ్మ ఎప్పుడు కదిలిందో ఆమెకే గుర్తులేదు. జనాన్ని తోసుకొని వచ్చి, నల్లప్ప ఛాతీ మీద పడి, కొప్పు విప్పేసి, రొమ్ము బాదుకుంటూ శోకం ఎత్తుకుంది.

"నాయనా నల్లప్పా... ఎంత పని చేస్తివప్పా... నీ తల్లి కడుపు కాలిపాయ కదప్పా... గొర్రెలు నీకోసం అరుస్తాండాయి కదప్పా..."

తన మొగుణ్ణి చంపినవాడి పేరు పెట్టి, తన మొగుడి కోసం ఏడ్చిన గొంతుతోనే ఏడ్చింది. మొదట అది నటనే. రెండో మాట దగ్గరికి వచ్చేసరికి కాదు. ఆ నెత్తురు వాసన, చేతి కింద ఆ వేడి, ఆ ఎగశ్వాస, అన్నీ తెలిసినవే.

కత్తి అప్పటికే దిగుతూ ఉంది. వెంకటరమణ పక్కకు తిప్పబోయాడు. పూర్తిగా తిరగలేదు. ఆమె ఎడమ చెయ్యి మణికట్టు పైన దిగి, బొమ్మ మెడలో కూరుకుపోయింది. కుండ పగిలి ఎర్రనీళ్ళు ముగ్గురి మీదా చిమ్మాయి. డప్పులు ఆగిపోయాయి.

"ఎవురికి ఏడుస్తాండావు మా?" అని కత్తిని పెరుకుతూ అరిచాడు వెంకటరమణ. నోట్లో నిమ్మకాయ ఎప్పుడు పడిపోయిందో. "వాడికా? నాయనకు ఏడ్చిన నోటితో వాడికా?"

బయ్యమ్మ శోకం ఆపలేదు. ఆపితే కత్తి మళ్ళీ లేస్తుందని ఆమెకు తెలుసు. ఎముక కనబడుతూ ఉన్న చెయ్యి ఒడిలో పెట్టుకొని, ఇంకో చేత్తో నల్లప్ప తల పట్టుకొని ఏడుస్తూనే ఉంది. రెడ్డెమ్మ వచ్చి పక్కన కూచొని అందుకుంది. తర్వాత ఇంకొకతి. ఈశ్వరమ్మ వచ్చి బయ్యమ్మ పాదాల దగ్గర కూలబడి ఏడ్చింది. ఊరి ఆడవాళ్ళంతా గుండ్రంగా కూచొని ఏడుస్తూ ఉంటే, మధ్యలో ఎర్రచీర కట్టుకున్న అమ్మవారు కత్తి పట్టుకొని నిలబడి ఉంది. మునెప్ప పసుపునీళ్ళ పళ్ళెం పట్టుకొచ్చాడు. అది ఎంతసేపు అలా ఉందో గానీ, చివరకు వెంకటరమణ కత్తిని అందులోకి జారవిడిచాడు.

ఊళ్ళో ఉన్న ఒకే జీపు తెచ్చారు. మదనపల్లె పెద్దాసుపత్రికి పోవాలి. నల్లప్పను వెనక సీట్ల నడుమ కింద పడుకోబెట్టారు. భుజం గాయంలోంచి నెత్తురు ఆగడం లేదు. మందులిచ్చే కాంపౌండరు గుడ్డ ముద్ద చేసి కుక్కి, "బలమైనోడు ఎవురన్నా దీన్ని గట్టిగా ఒత్తి పట్టుకోవాల. వదిలితే పుంగనూరు దాటడు" అన్నాడు. జీపులో బయ్యమ్మ ఉంది, ఒంటి చెయ్యి. ఈశ్వరమ్మ ఉంది, వణుకుతూ ఉంది.

"రా ఎక్కు" అంది బయ్యమ్మ కొడుకును.

"నేనా?"

"నువ్వే పెట్టిన గాయం. నువ్వే పట్టుకో. వాడు సస్తే నువ్వు జైలుకు పోతావు. ఎక్కు."

వెంకటరమణ చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకొని ఎక్కాడు. మోకాళ్ళ మీద కూచొని, రెండు అరచేతులూ నల్లప్ప భుజం మీద పెట్టి ఒత్తాడు. రాళ్ళు కొట్టిన చేతులు. నెత్తురు ఆగింది.

దారి గతుకుల దారి. సవరం జారి ముఖం మీద పడుతూ ఉంటే తోసుకోవడానికి చేతులు ఖాళీ లేవు. చెమటకు పసుపు కరిగి నల్లప్ప ముఖం మీద చుక్కలు పడుతూ ఉన్నాయి. ఈశ్వరమ్మ తన కొంగు చించి బయ్యమ్మ చేతికి ఇంకో కట్టు కట్టింది. ఆ చేతి వేళ్ళు మళ్ళీ దారం కొస పట్టలేవని అప్పటికి ఎవరికీ తెలీదు.

పుంగనూరు వచ్చింది. నల్లప్ప కళ్ళు తెరిచాడు. పైన గంగమ్మ ముఖం కనిపించి కొంచెం బెదిరాడు. తర్వాత గుర్తుపట్టాడు. "వేషంలో తగిలిందని సెప్తాను" అన్నాడు. "పోలీసోళ్ళకు అదే సెప్తాను. వేరే మాట రాదు నా నోట్లోంచి."

"నోరు మూసుకోని పడుకో" అన్నాడు వెంకటరమణ.

బయ్యమ్మ కొడుకు చేతుల వైపు చూస్తూ ఉంది. మోచేతుల దాకా వణుకుతూ ఉన్నాయి. "నొప్పి పుడతాండాయా రా? కొంచేపు ఈశ్వరమ్మకు ఇయ్యి" అంది.

"నువ్వు నాతో మాట్లాడొద్దు" అన్నాడు వాడు. చేతులు మాత్రం తీయలేదు. జీపు ఒక గుంటలో పడి లేచింది. నల్లప్ప మూలిగాడు. వెంకటరమణ తల ఎత్తి డ్రైవరు మీద అరిచాడు.

"మెల్లగా పోనీవయ్యా, గుడ్డ ఊడిపోతాండాది ఈడ."

"రోడ్డు నేను ఏసినానా అప్పా" అన్నాడు డ్రైవరు. అయినా వేగం తగ్గించాడు.